వినోదవనంలో అంటువ్యాధి

సెలవులు రాగానే ఎక్కడికైనా వెళ్లి రావాలని ఎవరికి ఉండదు? తిరునాళ్లు, ఎగ్జిబిషన్లు, సర్కసులు, వినోదవనాలు - పేర్లు వేరైనా వీటన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. ఎక్కడెక్కడివారో ఒక్కచోట చేరతారు. కొన్ని గంటలు ఒకరినొకరు రాసుకుంటూ తిరుగుతారు. పొద్దుపోయేసరికి ఎవరి ఊరికి వారు పోతారు. ఇలా కలిసి విడిపోవటం మనకు సరదా. అంటువ్యాధి కలిగించే సూక్ష్మజీవికి మాత్రం అది గొప్ప అవకాశం. ఎలాగో తెలుసుకోవటానికి నిజంగా జరిగిన ఒక సంగతి చూద్దాం. ఇందులో కొంచెం లెక్క కూడా ఉంది. భయపడకండి, గుణకారం వస్తే చాలు!

నాలుగు రోజులు చేసిన పని

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో అనహైమ్ అనే ఊరు ఉంది. 1955 జూలై 17న అక్కడ డిస్నీలాండ్ అనే వినోదవనాన్ని తెరిచారు. దేశదేశాల నుంచి జనం దాన్ని చూడటానికి వస్తారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు, వారిని చూడటానికి వెళ్లిన తాతయ్యలు, అమ్మమ్మలు కూడా ఆ జనంలో ఉంటారు.

2015 జనవరి 5న కాలిఫోర్నియా ఆరోగ్యశాఖకు ఒక కబురు అందింది. తట్టు సోకిందన్న అనుమానంతో 11 ఏళ్ల బిడ్డ ఒకరు ఆసుపత్రిలో చేరారు. ఆ బిడ్డకు టీకా వేయించలేదు. డిసెంబరు 28న ఒంటిమీద ఎర్రని దద్దుర్లు లేచాయి. ఆ వెంటనే మరికొందరు రోగుల సంగతి బయటపడింది. వారంతా ఒకే చోటివారు కారు. 'ఈమధ్య ఎక్కడెక్కడికి వెళ్లారు?' అని అధికారులు అడిగితే అందరి జవాబుల్లోనూ ఒకే పేరు వచ్చింది - డిస్నీలాండ్! 2014 డిసెంబరు 17 నుంచి 20 వరకు, ఆ నాలుగు రోజుల్లో వారు అక్కడికి వెళ్లి వచ్చారు.

ఆ తరువాత కాలిఫోర్నియాలో మొత్తం 131 మందికి ఈ తట్టు సోకినట్టు తేలింది. దేశం మొత్తం మీద ఏడు రాష్ట్రాల్లో 147 మంది. సరిహద్దు దాటి మెక్సికోకూ పోయింది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో టీకాలు వేయించుకోని ఒక సమాజంలోకి ప్రవేశించి 159 మందిని పట్టుకుంది.

మొదట దాన్ని ఆ వినోదవనంలోకి తెచ్చినవారెవరు? ఆ మనిషి ఎవరో చివరికీ దొరకలేదు. రోగుల నుంచి తీసిన వైరస్‌ను పరీక్షించగా అది బి3 అనే రకమని తెలిసింది. 2014లో ఫిలిప్పీన్స్ దేశంలో పెద్ద ఎత్తున తట్టు వ్యాపింపజేసినదీ ఈ రకమే. అయితే అప్పట్లో ఇది మరికొన్ని దేశాల్లోనూ ఉండేది. కాబట్టి ఏ దేశం నుంచి వచ్చిందో గట్టిగా చెప్పటానికి వీలులేదు.

చడీచప్పుడు లేని ప్రయాణం

తట్టును కొన్ని ప్రాంతాల్లో పొంగు అని కూడా అంటారు. దీనికి కారణం వైరస్. రోగి దగ్గినా, తుమ్మినా వైరస్ గాలిలో కలుస్తుంది. రోగి వెళ్లిపోయాక కూడా మూసి ఉన్న గదిలో రెండు గంటల వరకు గాలిలో నిలిచి ఉండగలదు. అంటే, పది గంటలకు రోగి ఒక గదిలో దగ్గి బయటికి పోయాడనుకోండి. పదకొండున్నరకు ఆ గదిలోకి వచ్చినవారు అతని ముఖమైనా చూడరు, కాని రోగం తెచ్చుకుంటారు! రక్షణ లేనివారు పదిమంది రోగికి దగ్గరగా మెలిగితే వారిలో తొమ్మిదిమందికి సోకుతుందని వైద్యులు చెబుతారు.

విత్తనం వేసిన రోజునే మొలక రాదు కదా! అలాగే వైరస్ ఒంట్లోకి చేరగానే రోగం కనిపించదు. జ్వరం, దగ్గు, ముక్కు కారటం మొదలు కావటానికి సుమారు 10 నుంచి 12 రోజులు పడుతుంది. దద్దుర్లు లేవటానికి సుమారు 14 రోజులు. ఈ మధ్యకాలాన్ని పొదుగుదల కాలం అంటారు.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. దద్దుర్లు కనిపించటానికి నాలుగు రోజుల ముందు నుంచే రోగి ఇతరులకు వైరస్‌ను పంచుతూ ఉంటాడు. చూసేవారికి అది మామూలు జలుబులాగే ఉంటుంది. డిసెంబరు 18న డిస్నీలాండ్‌లో వైరస్ సోకిన పిల్లవాడు హాయిగా ఆడుకుని, విమానమెక్కి ఇంటికి పోతాడు. డిసెంబరు 29 ప్రాంతంలో అతనికి జలుబు చేస్తుంది. జనవరి 1 ప్రాంతంలో దద్దుర్లు. ఆ లోపల బంధువులు, ఇరుగుపొరుగువారు, బజారులో జనం ఎందరో అతని దగ్గరగా మెలిగి ఉంటారు. రోగం బయటపడేసరికి అది రెండో మజిలీకి చేరిందన్నమాట!

ఒక చిన్న లెక్క

ఎవరికీ రక్షణ లేని జనంలో తట్టు సోకిన ఒక మనిషి నుంచి 12 నుంచి 18 మందికి రోగం పాకుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. మనం 15 అనుకుందాం. ఒక్కరి నుంచి 15 మందికి, ఆ 15 మంది నుంచి 225 మందికి, వారి నుంచి 3,375 మందికి! ఒక్కో మెట్టుకు పట్టేది సుమారు రెండు వారాలు.

ఇప్పుడు ఆ జనంలో కొందరికి టీకా వల్ల రక్షణ ఉందనుకుందాం. రోగి ఎదురుపడిన 15 మందిలో 12 మందికి రక్షణ ఉంటే రోగం ముగ్గురికే సోకుతుంది. గొలుసు సాగుతూనే ఉంటుంది, కాని నెమ్మదిగా. 15 మందిలో 14 మందికి రక్షణ ఉంటే ఒక్కరికే సోకుతుంది. రోగం పెరగదు, తరగదు. అంతకన్న ఎక్కువమందికి రక్షణ ఉంటే? గొలుసు తెగిపోతుంది! 15లో 14 అంటే శాతంలో 93 కన్న కొంచెం ఎక్కువ. అందుకే తట్టు విషయంలో నూటికి 95 మందికి రక్షణ ఉండాలని అంటారు. దీన్నే సామూహిక రక్షణ అంటారు.

'నూటికి తొంభైమంది టీకా వేయించుకుంటే చాలదా?' అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. రెండు మోతాదులు తీసుకున్నవారిలో నూటికి 97 మందికి రక్షణ కలుగుతుంది. 90 మంది తీసుకుంటే రక్షణ కలిగేది సుమారు 87 మందికి. మిగిలినవారు 13 మంది. ఒక్కో రోగి నుంచి 15లో నూటికి 13 వంతున, అంటే సుమారు ఇద్దరికి సోకుతుంది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది - మళ్లీ పెరగటమే! చూశారా, 90కి, 95కి మధ్య తేడా అయిదే అయినా ఫలితంలో ఎంత తేడా ఉందో!

ఇంకో సంగతి. తడిసిన గడ్డివామిలో పొడి పోచలు అక్కడొకటి, ఇక్కడొకటి ఉంటే నిప్పురవ్వ పడినా ఆరిపోతుంది. ఆ పొడి పోచలన్నీ ఒక్కచోటే కట్టగా ఉంటే మాత్రం భగ్గున అంటుకుంటుంది. టీకా వేయించుకోని కుటుంబాలు ఒకే పేటలో, ఒకే బడిలో గుమికూడి ఉంటే జరిగేదీ అదే. ఈ తట్టుకు ఎదురుపడిన జనంలో టీకా రక్షణ 86 శాతం దాటి ఉండదని పరిశోధకులు 2015లోనే లెక్క కట్టారు.

ఎవరికి సోకింది?

కాలిఫోర్నియాలో మొదటి 110 మంది రోగుల వివరాలను అధికారులు ప్రకటించారు. వారిలో 49 మంది అసలు టీకా వేయించుకోనివారు. ఆ 49 మందిలోనూ 12 మంది ఇంకా టీకా వయసు రాని పసివారు. వారు వద్దన్నవారు కారు. వారికి ఆ అవకాశం ఇంకా రాలేదు. అందరికన్న చిన్న రోగి వయసు ఆరు వారాలు!

మన చుట్టూ ఉన్నవారే అలాంటి పసివారికి కంచె. కంచెలో ఒక కంప తీస్తే పశువు దూరే సందు ఏర్పడుతుంది. 'నా బిడ్డకు టీకా వద్దు' అన్న ఒక కుటుంబం నిర్ణయం ఆ ఇంటితో ఆగదు. పక్కింటి ఉయ్యాలదాకా పోతుంది. ఈ సంగతి గుర్తించే కాలిఫోర్నియా ప్రభుత్వం 2015 జూన్‌లో ఒక చట్టం చేసింది. సొంత నమ్మకాల పేరుతో టీకా లేకుండా పిల్లలను బడిలో చేర్చే వెసులుబాటును తొలగించింది.

తట్టు అంటే నాలుగు రోజులు దద్దుర్లు వచ్చి పోవటమేనని కొందరు తేలికగా తీసుకుంటారు. అది ఊపిరితిత్తులకు, మెదడుకు కూడా చేటు చెయ్యగలదు. అంతేకాదు, ఇదివరకు వచ్చిన రోగాలను గుర్తుంచుకునే మన శరీరపు శక్తిని అది చెరిపివేస్తుంది. తట్టు వచ్చిన పిల్లల్లో అంతకు ముందున్న ప్రతిరక్షకాలు 11 నుంచి 73 శాతం వరకు నశించాయని 2019లో వెలువడిన పరిశోధన చెప్పింది. 2025లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో తట్టు చెలరేగి 762 మందికి సోకింది. టీకా వేయించుకోని ఇద్దరు బడిపిల్లలు చనిపోయారు.

మూయని తలుపులు, మూసిన తలుపులు

2015లో తట్టు వచ్చినప్పుడు డిస్నీలాండ్‌ను మూసివేయలేదు. టీకా వేయించుకున్నవారు నిశ్చింతగా వెళ్లవచ్చునని, టీకా లేనివారు, ఏడాది నిండని పసిపిల్లలు మాత్రం విమానాశ్రయాలు, వినోదవనాల వంటి చోట్లకు దూరంగా ఉండటం మంచిదని అధికారులు సలహా ఇచ్చారు. పక్కనున్న ఒక హైస్కూలులో తట్టు సోకిన విద్యార్థి ఒకరు తరగతులకు హాజరైనట్టు తెలియగానే, టీకా రుజువు చూపలేని సుమారు రెండు డజన్లమందిని మూడు వారాలపాటు ఇంటి దగ్గరే ఉంచారు. మూడు వారాలే ఎందుకు? పొదుగుదల కాలం 21 రోజులదాకా సాగవచ్చు కనుక. చివరి రోగి తరువాత 42 రోజులు, అంటే రెండు పొదుగుదల కాలాలు, కొత్త రోగి లేకుండా గడిచాక 2015 ఏప్రిల్ 17న తట్టు ఆగిందని ప్రకటించారు.

ఇదే డిస్నీలాండ్‌ను 2020 మార్చి 14న కోవిడ్ వల్ల మూసివేశారు. మళ్లీ తెరిచింది 2021 ఏప్రిల్ 30న. పదమూడు నెలలకు పైగా! కోవిడ్ మొదట వచ్చినప్పుడు తట్టుకన్న తక్కువగానే అంటుకునేది. మరి తట్టుకు మూయని తలుపులు కోవిడ్‌కు ఎందుకు మూశారు?

జవాబు మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. తట్టుకు 1963 నుంచీ టీకా ఉంది. వచ్చిన జనంలో ఎక్కువమందికి రక్షణ ఉంది. కోవిడ్ కొత్తది, 2020 మార్చిలో టీకా లేదు. గడ్డివాము అంతా పొడిగా ఉంది. అప్పుడు మిగిలిన ఉపాయం ఒక్కటే - మనుషులు కలవకుండా చూడటం. అందుకే రైళ్లు, విమానాలు ఆగాయి. బడులు, గుళ్లు, సినిమాహాళ్లు మూతపడ్డాయి. ఒక విశేషం చూడండి. 2021 జనవరిలో డిస్నీలాండ్‌వారి కార్లు నిలిపే స్థలంలోనే పెద్ద టీకా కేంద్రం వెలిసింది. వినోదం కోసం వరుసలో నిలబడేచోటికి జనం టీకా కోసం వచ్చారు. తలుపులు తెరిపించటానికి అది కూడా ఒక తాళంచెవి!

మన సంగతి

మన ఊళ్లలో తట్టు వస్తే అమ్మవారు పోసిందని ఇంటికి వేపమండలు కట్టటం చాలాచోట్ల చూస్తాం. బిడ్డను విడిగా పడుకోబెట్టటం, బయటివారిని రానివ్వకపోవటం అందులో ఉన్న మంచి పద్ధతులు. కాని వేపమండ వైరస్‌ను ఆపలేదు. బిడ్డను వైద్యుడికి చూపించాలి. తట్టు వచ్చిన పిల్లలకు ఎ విటమిన్ ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

మన దేశంలో తట్టు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే ఎం.ఆర్. టీకా 9 నుంచి 12 నెలల మధ్య ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య మరోసారి వేస్తారు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు ఈ టీకా పెద్ద ఎత్తున వేశారు. మీలో కొందరికి అది గుర్తుండవచ్చు.

ఈసారి ఎక్కడికైనా ప్రయాణం కట్టేటప్పుడు టిక్కెట్లతోపాటు టీకా కార్డు కూడా తీసి చూడండి. జ్వరం, దద్దుర్లు ఉంటే ప్రయాణం మానుకోండి. టిక్కెట్ డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. ఇంట్లో తొమ్మిది నెలలు నిండని తమ్ముడో, చెల్లెలో ఉంటే మీ రెండు మోతాదులే వారికి కాపలా.

చేసి చూడండి

ఒక సంచిలో 100 చింతపిక్కలు వేయండి. వాటిలో 13 పిక్కలను ఒకవైపు అరగదీసి తెల్లగా చేయండి. తెల్లవి రక్షణ లేనివారు. చూడకుండా 15 పిక్కలు తీయండి. ఎన్ని తెల్లవి వస్తే అంతమందికి రోగం సోకినట్టు. పిక్కలను మళ్లీ సంచిలో వేసి కలపండి. సోకిన ఒక్కొక్కరి తరఫున మళ్లీ పదిహేనేసి తీయండి. గొలుసు ఎన్ని మెట్లు సాగిందో రాసుకోండి. తరువాత తెల్ల పిక్కలు మూడే ఉంచి, మిగిలిన పదింటి స్థానంలో మామూలు పిక్కలు వేసి మళ్లీ చేయండి. ఒక్కోసారి లెక్కకు తక్కువ వస్తుంది, ఒక్కోసారి ఎక్కువ. చాలాసార్లు చేస్తే సంగతి తెలుస్తుంది.

ప్రశ్నలు

1. ఒక్కరి నుంచి నలుగురికే పాకే రోగం ఆగాలంటే నూటికి ఎంతమందికన్న ఎక్కువమందికి రక్షణ ఉండాలి?
2. తట్టు రోగి దద్దుర్లు కనిపించిన రోజునే ఇంట్లో ఉండిపోయినా రోగం ఎందుకు వ్యాపిస్తుంది?
3. మీ తరగతిలో ఎంతమందికి రెండు మోతాదులూ పడ్డాయి? ఇంట్లో కార్డులు అడిగి చూసి, శాతం కట్టండి. అది 95కు తక్కువైతే మీ మాస్టారికి చెప్పండి.