మనిషి రూపపు ఆటబొమ్మ చవకగా ఎలా నడుస్తుంది?

ప్రశ్న: పరిశోధనశాలల్లో మరమనిషిని నడిపించడానికి కోట్లు ఖర్చవుతుంటే, కొద్ది వేలకు దొరికే బొమ్మ రెండు కాళ్లపై ఎలా నడుస్తోంది? – ఒక పాఠకుడు, గుమ్మడిదల

జవాబు: ఈ చవకదనం నాసిరకపు పనితనం వల్ల వచ్చినది కాదు, వేరే ఆలోచన నుంచి పుట్టినది. 2000లో హోండా చూపిన అసిమో అనే మరమనిషిలో కీలుకీలుకూ మోటారు అమర్చి, ప్రతి కదలికనూ కంప్యూటరుతో లెక్కగట్టగా, మార్క్ టిల్డెన్ రూపొందించి వావ్‌వీ సంస్థ 2004లో దాదాపు 100 డాలర్లకు విడుదల చేసిన రోబోసేపియన్ అనే బొమ్మ ఏడే మోటార్లతో నడిచింది. నడుము పక్కకు వాలగానే బరువు ఒక పాదం మీదికి చేరుతుంది, తేలికపడిన రెండో కాలు ముందుకు ఊగుతుంది. అంటే లెక్కల్లో అధిక భాగాన్ని గురుత్వాకర్షణే చేసిపెడుతుంది. కీళ్లలోని స్ప్రింగులు ఒక కదలికలో నిలవచేసిన శక్తిని తరువాతి కదలికకు అందిస్తాయి కనుక చిన్న మోటార్లే సరిపోతాయి. టార్చిలైటులో వేసే లావుపాటి బ్యాటరీలు నాలుగింటిని పాదాల్లో దాచడం మరీ చమత్కారం: విద్యుత్తునిచ్చే బరువే గరిమనాభిని, అనగా వస్తువు బరువంతా కేంద్రీకృతమైనట్లు ప్రవర్తించే బిందువును, కిందికి దింపి తంజావూరు బొమ్మలా నిలబెడుతుంది.

శరీరం అచ్చుల్లో పోసిన ప్లాస్టిక్కు. అచ్చు ఖరీదైనదే అయినా వేల బొమ్మలకు పంచితే ఒక్కోదానిపై పడే భారం స్వల్పం. అయితే ఈ బొమ్మకు చూపు లేదు, నున్నని గచ్చు దాటి గతుకుల నేలపైకి వెళితే తడబడుతుంది.