ఒక్క బెర్తు, రెండు కౌంటర్లు

అమ్మలూ,

బుకింగుల డేటాబేస్ మీ టీమ్ చేతికి వచ్చిందని మీ నాన్న చెప్పాడు. పదిమంది ఒకేసారి రాసే చోట కోడ్ ఎలా ఉండాలో ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

మీ కోకాపేటలోనే చూడు. 2023 ఆగస్టు 3న హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) నియోపొలిస్ లేఅవుట్ ప్లాట్లను ఆన్‌లైన్‌లో వేలం వేసింది. ఎకరం 35 కోట్ల దగ్గర మొదలైన పాట ఒక ప్లాటు దగ్గర ఎకరానికి 100.75 కోట్లు పలికింది. ఇలాంటి వేలంలో ఇద్దరు ఒకే ధర చూసి ఒకే క్షణంలో పాట పెంచితే ఎవరిది నిలవాలి? సర్వర్ రెండో పాటను ఆ నిమిషానికి నిజంగా ఉన్న ధరతో పోల్చాలి. పాడినవాడి తెర మీద కనబడిన ధర అప్పటికే పాతదై ఉంటుంది.

రైల్వేకి ఈ చిక్కు ఎప్పటినుంచో ఉంది. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ రిజర్వేషన్ కేంద్రాలను రైల్వేవారి క్రిస్ సంస్థ తయారుచేసిన ‘కాన్సర్ట్’ సాఫ్ట్‌వేర్ 1999లో కలిపింది. ఏ ఊరి కౌంటరు నుంచైనా ఏ రైలుకైనా టికెట్టు దొరకడం మొదలైంది. మిగిలింది ఒక్క బెర్తు అనుకో. వరంగల్ కౌంటరు ‘1’ అని చదివింది, అదే క్షణంలో నాగపూర్ కౌంటరూ ‘1’ అనే చదివింది. కాపలా లేని ప్రోగ్రాం అయితే ఇద్దరూ ఒకటి తీసేసి ‘0’ అని రాస్తారు. లెక్క సరిగ్గానే కనబడుతుంది, ఎర్రరేమీ రాదు. రైల్లో మాత్రం ఒకే బెర్తు దగ్గర ఇద్దరు నిలబడతారు. దీన్నే ‘లాస్ట్ అప్‌డేట్’ (lost update), అంటే చెరిగిపోయిన మార్పు అంటారు.

దీనికి దారులు రెండు. మొదటిది తాళం: వరుసను లాక్ చేసి, చదివి, రాసి, వదలడం. 1970లలో ఐబీఎంలో ఈ పద్ధతులకు పునాది వేసినవాళ్లలో ఒకరైన జిమ్ గ్రేకి 1998లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. రెండోది, 1981లో కుంగ్, రాబిన్సన్ ప్రతిపాదించిన ఆప్టిమిస్టిక్ పద్ధతి: తాళం వేయకుండా పని చేసుకుని, ముగించే ముందు మధ్యలో ఎవరైనా మార్చారేమో సరిచూడడం. ఇవాళ్టి అప్లికేషన్లలో వెర్షన్ నంబరు చేసే పని ఇదే.

తత్కాల్ బుకింగ్ ఏసీకి ఉదయం 10కి, నాన్ ఏసీకి 11కి తెరుచుకుంటుంది. అలాంటి రద్దీలో ‘బెర్తు ఉంటేనే ఒకటి తగ్గించు’ అనే షరతును ఒకే అప్‌డేట్‌లో పెట్టు. ఎన్ని వరుసలు మారాయో చూడు. సున్నా వస్తే బెర్తు దక్కలేదన్నమాట. ఎవరో తీరిగ్గా నింపే ఫారానికి వెర్షన్ నంబరు చాలు.

కస్టమర్ డబ్బు కట్టేదాకా లాక్ పట్టుకుని కూర్చోవద్దు. గడువు పెట్టి బెర్తును ‘హోల్డ్’ అని రాసి, ట్రాన్సాక్షన్ ముగించు. ఒకేసారి రెండు వరుసలు మార్చాలంటే ఎప్పుడూ ఒకే క్రమంలో లాక్ చెయ్యి. అయినా డెడ్‌లాక్ వస్తే డేటాబేస్ ఒక ట్రాన్సాక్షన్‌ని రద్దు చేస్తుంది. దాన్ని మొదటినుంచీ మళ్లీ నడపాలి.

ఇంకోటి, డేటాబేస్ ఐసొలేషన్ స్థాయిల పేర్లను నమ్మకు. రిపీటబుల్ రీడ్‌లో పోస్ట్‌గ్రెస్ అయితే రెండో అప్‌డేట్‌ని ఎర్రర్‌తో ఆపుతుంది. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో అదే పేరున్న స్థాయిలో, మామూలు సెలెక్ట్‌తో చదివి తర్వాత రాస్తే, మొదటివాడి మార్పు చెరిగిపోవచ్చు.

ఈ వారం రెండు డేటాబేస్ విండోలు తెరిచి, మొదటిదాన్ని కమిట్ చెయ్యకుండా ఆపి, రెండోదాన్నించి అదే బుకింగ్ మార్చి చూడు. బెర్తు దక్కనివాడికి మీ యాప్ ఏ మాట చెబుతుందో కూడా గమనించు. అక్కడ నిరాశపడేది ప్రయాణం పెట్టుకున్న మనిషి. ఏం జరిగిందో ఆదివారం ఫోన్‌లో చెప్పమ్మా.

ఇట్లు,
పెదనాన్న