పాత వ్యాను లాగకపోతే – ఇంజిన్ మిస్సింగ్ కనిపెట్టే పద్ధతి



మన హాస్టల్ నుంచి బయటికి వెళ్లిన వాళ్లలో చాలామంది ఇళ్ల దగ్గర ఒక ఆటోనో, పాత వ్యానో, ట్రాలీనో ఉంటుంది. బండి ఆగితే ఆ పూట సంపాదన ఆగినట్టే. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు పాత బండి ఇంజిన్ "మిస్సింగ్" కొట్టి లాగకుండా పోయినప్పుడు కారణం ఎలా వెతకాలో రాస్తున్నాం. మేము అంటే ఈ హాస్టల్లో పదో తరగతి దాకా ఒకే గదిలో ఉన్న ముగ్గురం. ఒకరు ఐటీఐ, ఒకరు పాలిటెక్నిక్, ఒకరు పీజీ. మా ముగ్గురిలో చదువు తక్కువైన వాడికే పని ఎక్కువ వచ్చు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాం.

మాలో ఒకరి మేనమామకు 1998 మోడల్ మారుతి ఓమ్ని వ్యాను ఉంది. మేమంతా ఆయన్ని మామా అనే పిలుస్తాం. తెల్లవారుజామున నాలుగింటికి కూరగాయలు ఎక్కించుకొని రైతు బజారుకు వెళ్తారు. బండికి పెట్రోలుతో పాటు ఎల్పీజీ కిట్టు కూడా ఉంది. మొన్న సంక్రాంతి సెలవులకు వెళ్లేసరికి బండి నిలబడి ఉన్నప్పుడే గడగడా వణుకుతోంది, సైలెన్సర్ ఫట్ ఫట్‌మంటోంది. లోడుతో రైల్వే వంతెన ఎక్కాలంటే మొదటి గేరు వేయాల్సి వస్తోంది. ఎవరో చూసి "బోరుకొచ్చింది, ఇంజిన్ మొత్తం దించాలి" అన్నారట. ఆ ఖర్చు ఎలా పెట్టాలో తెలియక మామ మా కోసం ఎదురుచూస్తున్నారు.

ముందుగా ఇంజిన్ సంగతి. ఓమ్ని ఇంజిన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. ఒక్కో సిలిండర్ వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 72 మిల్లీమీటర్లు. లెక్క కట్టి చూడండి, మూడింటికీ కలిపి 796 వస్తుంది. ఫోర్ స్ట్రోక్ కాబట్టి క్రాంకు రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరిగితే ప్రతి సిలిండర్ ఒక్కసారి పేలుతుంది. 1–3–2 వరుసలో 240 డిగ్రీలకొకసారి తోపు వస్తుంది. అందులో ఒకటి పేలకపోతే ఆ చోట ఖాళీ పడుతుంది. వణుకు అదే. పైగా పనిచేయని సిలిండర్ ఊరికే కూర్చోదు. దాని పిస్టన్‌ను మిగతా రెండూ కలిసి ఈడ్చాలి. అందుకే పోయిన బలం మూడో వంతు కంటే ఎక్కువే ఉంటుంది.

సిలిండర్ పేలాలంటే మూడు కావాలి: సరైన పాళ్లలో గాలి–ఇంధనం, సరైన సమయానికి ప్లగ్గులో నిప్పురవ్వ, చాలినంత కంప్రెషన్.

మేము మొదట చేసింది తప్పు. కొత్త ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, కార్బొరేటర్ కిట్టు కొన్నాం. రూ. 2,400 అయింది. అన్నీ ఒకేసారి మార్చాం. బండి అలాగే వణికింది. అది మామ డబ్బు. ఆ రాత్రి కూర్చుని మళ్లీ మొదటినుంచి ఆలోచించాం.

హాస్టల్లో నీళ్లు రాకపోతే మనం ఏం చేసేవాళ్లం? ముందు పక్క గది వాళ్లను అడిగేవాళ్లం. ఎవరికీ రాకపోతే మోటారో, పైన ట్యాంకో చూడాలి. మన కుళాయికే రాకపోతే ట్యాంకు ఎక్కి ఏం లాభం? ఇంజినూ అంతే. కార్బొరేటర్, కాయిల్, ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు పంపు మూడు సిలిండర్లకూ ఉమ్మడి. ప్లగ్గు, దాని వైరు, వాల్వులు, రింగులు ఎవరివి వాళ్లవి. కాబట్టి మొదటి ప్రశ్న, మూడూ బలహీనంగా ఉన్నాయా, ఒక్కటే పడుకుందా?

దానికో సులువైన పరీక్ష ఉంది. ఓమ్నిలో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు ఎత్తి, బండి ఐడ్లింగ్‌లో ఉండగా రబ్బరు పట్టు ఉన్న కటింగ్ ప్లేయర్‌తో ఒక్కో ప్లగ్ వైరు తీసి పెట్టాలి. తీసిన వైరును గాల్లో వదిలేయకూడదు, కాయిల్ దెబ్బతింటుంది. పాత ప్లగ్గు ఒకటి గుచ్చి దాన్ని ఇంజిన్ ఇనుముకు తాకించి ఉంచాలి. గ్యాసు వాసన ఏమాత్రం వస్తున్నా ఈ పరీక్ష చేయనే వద్దు. మంచి సిలిండర్ వైరు తీస్తే ఇంజిన్ ఇంకా కుంటుతుంది, ఆగబోతుంది. 1, 2 తీస్తే అలాగే అయింది. 3 తీస్తే ఏ తేడా లేదు. అంటే అది ముందే పడుకుని ఉంది. ఉమ్మడి సామాన్ల మీద అనుమానం అక్కడే చాలావరకు పోయింది. కార్బొరేటర్ కిట్టు కొనక్కర్లేదని అప్పుడు అర్థమైంది.

రెండు ఇంధనాలు ఉండడం కూడా ఇక్కడ కలిసొచ్చింది. గ్యాసు మీద, పెట్రోలు మీద మార్చి మార్చి నడిపాం. రెండింటిలోనూ అదే మిస్సింగ్. ఒక్క పెట్రోలు మీదే వచ్చి ఉంటే కార్బొరేటర్ వైపు వెళ్లేవాళ్లం. 3వ సిలిండర్ ఇన్‌టేక్ జాయింటు దగ్గర బయటి గాలి లాగుతోందేమోనని నీళ్లు చిలకరించి చూశాం. ఇంజిన్ శబ్దం మారలేదు. తర్వాత 3వ ప్లగ్గును 1లో, 1వ దాన్ని 3లో పెట్టాం. జబ్బు ప్లగ్గుతో పాటు 1కి వెళ్లలేదు, 3లోనే ఉంది. వైరు చివర రవ్వ నీలంగా, గట్టిగా వస్తోంది. ఇక మిగిలింది కంప్రెషన్.

ఆ గేజిని తెలిసిన వర్క్‌షాపు నుంచి ఒక పూటకు అడిగి తెచ్చుకున్నాం. ఇంజిన్ వేడెక్కాక మూడు ప్లగ్గులూ తీసేయాలి. ఇంధనం ఆపాలి, కాయిల్ వైరు విడదీయాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి సెల్ఫ్ కొట్టాలి. యాక్సిలరేటర్ తొక్కకపోతే లోపలికి గాలి చాలదు, మంచి సిలిండర్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. మాకు వచ్చిన లెక్క చదరపు సెంటీమీటరుకు కిలోల్లో: 1లో 11.5, 2లో 11, 3లో 5.5.

ఇప్పుడు రింగులా, వాల్వులా? ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టాలి. ఆయిల్ పిస్టన్ చుట్టూ చేరి సందు మూస్తుంది. రింగులు అరిగితే ముల్లు బాగా పైకి లేస్తుంది. మాది 6 దగ్గర ఆగింది. అంటే మామను భయపెట్టిన "బోరు" కాదు. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి, ఇక్కడ అదీ లేదు. ఆఖరుగా 3వ పిస్టన్‌ను కంప్రెషన్ పైకొసకు తెచ్చి ప్లగ్గు రంధ్రంలోంచి గాలి కొట్టాం. కార్బొరేటర్‌లో బుసకొడితే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే గాస్కెట్. మాకు సైలెన్సర్ చివర చేయి పెడితే గాలి తగిలింది. ఎగ్జాస్ట్ వాల్వు.

ట్యాపెట్ కవరు విప్పి చూస్తే 3వ ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర గ్యాపే లేదు. సన్నని ఫీలర్ రేకు కూడా దూరలేదు. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎందుకంటే నాలుగు నెలల కిందట దసరా సెలవుల్లో ఆ ట్యాపెట్లు బిగించింది మేమే. చప్పుడు ఎక్కువగా ఉందని మామ అంటే, ఫీలర్ గేజి లేకుండా చేతి అంచనాతో చప్పుడు పోయేదాకా బిగించాం. ఇంజిన్ కుట్టు మిషన్‌లా నడుస్తోందని అందరూ మెచ్చుకున్నారు.

వేడికి వాల్వు కాడ సాగుతుంది. ఆ సాగడానికే గ్యాపు వదులుతారు. పైగా ఎల్పీజీ మీద నడిచే పాత ఇంజిన్లలో వాల్వు కూర్చునే సీటు త్వరగా అరుగుతుంది, వాల్వు లోపలికి కుంగుతుంది, ఉన్న గ్యాపు ఇంకా తగ్గుతుంది. గ్యాపు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని చాలావరకు సీటును ఆనుకున్నప్పుడే వదులుకుంటుంది. ఆనకపోతే చల్లబడే దారి లేదు, పైగా ప్రతి పేలుడుకీ మంట ఆ సందులోంచి దూసుకుపోతుంది. హెడ్ దించి చూస్తే వాల్వు అంచున గోరంత మేర కాలిపోయి ఉంది.

కొత్త వాల్వు వేసి, సీటు కోయించి, పేస్టుతో ల్యాపింగ్ చేశాం. హెడ్ తిరగేసి కిరోసిన్ పోసి పావుగంట ఉంచాం, చుక్క కారలేదు. కొత్త గాస్కెట్ వేశాం. ఎలాగూ విప్పాం కాబట్టి టైమింగ్ బెల్టు కూడా మార్చి గుర్తులు రెండుసార్లు సరిచూసుకున్నాం. బెల్టు ఒక పన్ను జారినా మూడు సిలిండర్లూ బలహీనపడతాయి. (వణుకు లేకుండా బలం మాత్రమే తగ్గితే వెతకాల్సిన చోట్లు వేరు. ఇంజిన్ రేసవుతూ బండి కదలకపోతే క్లచ్చి, బండి తోస్తే దొర్లకపోతే బ్రేకులు, పై స్పీడులో ఊపిరాడనట్టుంటే ఎయిర్ ఫిల్టర్ గానీ మూసుకుపోయిన సైలెన్సర్ గానీ.)

మామకు చెప్పాలా వద్దా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. చివరికి కాలిన వాల్వు చేతిలో పెట్టి, ఇది మా వల్లే అయింది మామా అన్నాం. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మరి మొన్న కొన్న ప్లగ్గులు పనికొస్తాయా?"

"వస్తాయి మామా."

"అయితే బిగించండి. రేపు నాలుగింటికి బండి కావాలి."

3వ సిలిండర్ ఇప్పుడు 11 చూపిస్తోంది. వంతెన రెండో గేరులో ఎక్కుతోంది. ట్యాపెట్లు మాత్రం సన్నగా టిక్ టిక్‌మంటున్నాయి. అదేం చప్పుడని మామ అడిగితే, ఉండనివ్వండి అన్నాం. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కొలిచాం. 3వ దాని గ్యాపు కొంచెం తగ్గింది. మాన్యువల్‌లో ఉన్న కొలతకు సరిచేశాం, ఈసారి ఫీలర్ గేజితో.