బొప్పాయికి రింగ్ స్పాట్ వైరస్ వస్తే మొక్క లోపల ఏం జరుగుతుంది?

పైన వీడియోలో చూశారు కదా, మా తోటలో పీకేసిన బొప్పాయి మొక్కలు. కాపు మీద ఉన్నవి, పీకడానికి చెయ్యి రాలేదు. "అన్నా, వైరస్‌కి ఏ కషాయం కొట్టాలి?" అని చాలామంది అడుగుతున్నారు. కషాయాలు చేసి అమ్మేవాణ్ణే నేను, అయినా ఉన్నమాట చెబుతా. మొక్కలోకి వెళ్లిన వైరస్‌ని చంపే కషాయం లేదు, రసాయన మందు కూడా లేదు. అక్కడ పోరాడేది మొక్క ఒక్కటే.

డీఎన్ఏ అంటే బీరువాలో దాచిన అసలు దస్తావేజు అనుకోండి. దాని జిరాక్స్ కాపీ మెసెంజర్ ఆర్ఎన్ఏ. ఆ కాపీ ప్రకారమే ప్రోటీన్ తయారవుతుంది. ఏ కాపీ ఉంచాలి, ఏది చింపేయాలి అన్నది కూడా కణమే చూసుకుంటుంది. అందులో చిన్న ఆర్ఎన్ఏ ముక్కలది పెద్ద పాత్ర.

రింగ్ స్పాట్ వైరస్ జన్యుపదార్థం ఆర్ఎన్ఏనే. అది కాపీలు పెంచుకునేటప్పుడు రెండు పోగుల ఆర్ఎన్ఏ ఏర్పడుతుంది. మొక్కకు అనుమానం వచ్చేది అక్కడే. డైసర్ రకం ఎంజైములు దాన్ని 21, 22 న్యూక్లియోటైడ్ల ముక్కలుగా నరుకుతాయి. ఆర్గొనాట్ అనే ప్రోటీన్ ఒక ముక్కను ఆనవాలుగా పట్టుకుని, దానికి సరిపోయే వైరస్ ఆర్ఎన్ఏ దొరికితే కోసేస్తుంది. వైరస్ కూడా తక్కువది కాదు. దాని హెచ్‌సీ-ప్రో ప్రోటీన్ ఆ చిన్న ముక్కలనే పట్టేసి పనికి రాకుండా చేస్తుంది. పైగా చలిలో మొక్కకున్న ఈ రక్షణ మందగిస్తుంది.

హవాయిలో 1998లో రైతులకు ఇచ్చిన రెయిన్‌బో బొప్పాయి వైరస్‌ని తట్టుకున్నది ఈ దారిలోనే. వైరస్ పైపొర ప్రోటీన్ జన్యువును ముందే అందులో పెట్టారు. అది జీఎం పంట, మన పద్ధతి కాదు. అయినా సైన్స్ సైన్సే. అదే ఏడాది ఫైర్, మెల్లో అనే శాస్త్రవేత్తలు చిన్న పురుగుల్లో ఈ రెండు పోగుల ఆర్ఎన్ఏ సంగతి బయటపెట్టారు, 2006లో నోబెల్ వచ్చింది. 2018లో పాటిసిరాన్ అనే మందు వచ్చింది. వంశపారంపర్యంగా నరాలను దెబ్బతీసే ఒక అమిలాయిడ్ జబ్బులో, చెడు ప్రోటీన్ తయారుకాకుండా దాని ఆర్ఎన్ఏ కాపీనే కోయిస్తుంది.

మన తోటకొస్తే, నీమాస్త్రం పేనుబంకను తగ్గిస్తుంది. కానీ వైరస్ ఉన్న పేను ఎగిరొచ్చి కొన్ని సెకన్లు గుచ్చినా అంటుకోవచ్చు. అందుకే తెగులు మొక్క కనపడగానే పీకి తోట బయట పూడ్చండి. పక్కన దోస, గుమ్మడి లాంటి పాదులు వద్దు, ఈ వైరస్ వాటికీ వస్తుంది. నాటడానికి ముందే చుట్టూ జొన్న వరుసలు వేయండి. బయటి నుంచి వచ్చే పేను ముందు జొన్న మీద వాలి గుచ్చితే, మూతికి అంటిన వైరస్ చాలావరకు అక్కడే పోతుంది. మా గట్టు మీద ఈసారి ఎలా వేశానో తర్వాతి వీడియోలో చూపిస్తా.