ముద్రను పరీక్షించుట

పాఠ్యభాగములు: 2 థెస్సలొనీకయులకు 2:1-2, 3:17. 1 రాజులు 21:8-13.



తన పేరిట వేరొకరు పత్రిక వ్రాసి సంఘమును కలవరపరచవచ్చునని పౌలు ఎరిగియుండెను. అందుచేత ప్రతి పత్రికలోను స్వహస్తముతో వందనము వ్రాసి, దానిని తన గురుతుగా నియమించెను. నేడు మన ఫోనులలోనికి, కంప్యూటర్లలోనికి దిగు సాఫ్ట్‌వేరుకును అట్టి గురుతు కలదు. దానిని గూర్చి మూడు సంగతులు నేర్చుకొందము.

1. వ్రేలిముద్ర. ఎస్.హెచ్.ఎ.-256 అను లెక్క ప్రకారము కంప్యూటరు ఏ ఫైలునుండియైనను 64 అక్షరముల గురుతు తీయును. ఫైలులో ఒక్క చుక్క మారినను ఆ గురుతు వేరగును. తయారుచేసినవారు ప్రకటించిన గురుతును, మనకు వచ్చిన ఫైలు గురుతును ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వారి వెబ్‌సైటులో దొంగలు చొరబడి, అసలు ఫైలుకు బదులు చెరిపిన ఫైలు దిగునట్లు చేసిరి. అప్పుడు ఆ సంస్థవారు, గురుతు సరిచూచుకొనుడని అందరిని హెచ్చరించిరి.

2. సంతకము. వెబ్‌సైటే దొంగల చేత చిక్కినచో, అక్కడ ప్రకటించిన గురుతును కూడ వారు మార్చగలరు. గనుక తయారుచేసినవారు తమ రహస్యపు తాళపుచెవితో డిజిటల్ సంతకము చేయుదురు. అందరికి ఇచ్చిన మరియొక తాళపుచెవితో దానిని పరీక్షింపవచ్చును. ఆండ్రాయిడ్ ఫోను ఉన్న యాప్‌పై వేరొకరి సంతకముగల యాప్‌ను ఎక్కనియ్యదు. అయితే దొంగ క్రొత్త యాప్ చేసి, దానికి తన సంతకమే పెట్టగలడు. బ్యాంకు పేరిట, చలానా పేరిట వాట్సాప్‌లో వచ్చు ఎ.పి.కె. ఫైలు అట్టిదే. అది మన ఓ.టి.పి.లను చదివి, కష్టార్జితమును ఖాతానుండి తరలించగలదు. తెలిసినవారి నంబరునుండి వచ్చినను తెరువకుడి. ప్లే స్టోరులోనే, ప్రచురించినవారి పేరు చూచి తీసికొనుడి.

3. ముద్ర చెప్పనిది. యెజెబెలు పంపిన తాకీదులపై ఉన్న ముద్ర రాజుదే. లోపలి మాట మాత్రము అన్యాయము. 2024 జులై 19న శంషాబాదు విమానాశ్రయములో చేతివ్రాత బోర్డింగు పాసులు కనబడెను. క్రౌడ్‌స్ట్రైక్ అను అమెరికా కంపెనీ పంపిన మార్పులో తప్పుండుటచేత, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము లోకమంతట 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయెను. దొంగలెవరును చొరబడలేదు, ఫైలు అసలైనదే. యెజెబెలుది దుష్టత్వము, ఇది పొరపాటు. అయినను రెంటిలోను ముద్ర సరియే. ఎవరు పంపిరో, త్రోవలో మారెనో లేదో ముద్ర తెలుపును. లోపలిది మేలైనదో కాదో తెలుపదు. కాబట్టి సంఘపు లెక్కలకును, ముఖ్యమైన ఫోను నంబర్లకును కాగితముపై నకలు ఉంచుకొనుడి.

మోసము జరిగినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు:
1. వ్రేలిముద్ర ఉండగా సంతకమేల?
2. మీ యింట ఫోనులో ప్లే స్టోరు వెలుపలినుండి తెచ్చిన యాప్ ఏదైన ఉన్నదా? దానిని ఎవరు పంపిరి?