ఆఖరి వరసలో నీ జీతం

అమ్మడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పదిహేనేళ్లుగా కళాసంస్థను నడిపిస్తున్న మనిషికి నెలకు 38,000! దానికన్నా "అడిగితే బాగుండదేమో అత్తయ్యా" అన్నావు చూడూ, అక్కడ నాకు ప్రాణం ఉసూరుమంది. నేనూ అలాగే అనుకుంటూ ఇరవై రెండేళ్లు గడిపాను.

నేను పనిచేసిన సంస్థ పేరు ఇప్పుడెందుకులే. రవీంద్రభారతి హాలు బుకింగూ, మృదంగం ఆయన రైలు టికెట్టూ, గ్రాంటు తాలూకు వినియోగ పత్రాలూ అన్నీ నేనే చూసుకునేదాన్ని. నన్ను 'కన్సల్టెంటు' అని రాసుకుని, పది శాతం టీడీఎస్ కోసి మిగతాది ఇచ్చేవారు. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. మానేసిన రోజు వేదిక మీద శాలువా కప్పారు. ఆ శాలువా బీరువాలో ఉంది. మోకాలి ఆపరేషనుకి మాత్రం మీ మామయ్య పెన్షను డబ్బే దిక్కయింది.

నువ్వు పంపిన బడ్జెట్ షీటు చూశాను. పారితోషికాలు, హాలు అద్దె, లైట్లు, సౌండు, మేకప్, భోజనాలు. అన్నీ అయ్యాక ఆఖర్న 'ఆఫీసు ఖర్చులు' అని ఒక్క వరస. కరెంటు బిల్లు, జిరాక్సులు, టీ, వాటితోపాటు నీ జీతం. ఆ షీటు నీ చేత్తో నువ్వే వేశావు అమ్మడూ! హాలు వాళ్లనీ, జనరేటర్ అతన్నీ 'సేవ' చెయ్యమని ఎవరూ అడగరు. ఆ మాట నీ దగ్గరికొచ్చేసరికే గుర్తొస్తుంది.

డబ్బిచ్చేవాళ్ల పద్ధతీ అలాగే ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ రెపర్టరీ గ్రాంటు గురువుకీ శిష్యులకీ. ఆ దరఖాస్తు నింపేవాళ్ల ఊసు అందులో ఉండదు. విదేశీ విరాళాల్లో పాలనా ఖర్చుల హద్దు 2020లో 50 శాతం నుంచి 20కి దిగింది. అది నిజంగా ఇబ్బందే, కాదనను.

కానీ కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ సొమ్ములో 5 శాతం మించి జీతాలకు వాడకూడదని మీ కార్యదర్శిగారు అన్నారట, అది పొరపాటు. 2021లో సవరించిన నియమాల్లోని ఆ 5 శాతం, కంపెనీ తన సీఎస్‌ఆర్ వ్యవహారాలు నడుపుకోవడానికి పెట్టే ఖర్చు మీద. ఫలానా ప్రాజెక్టు కోసమే నువ్వు చేసే పనికిచ్చే జీతం ఆ ప్రాజెక్టు ఖర్చే. కళలు, సంస్కృతి కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో ఉన్నవే. ఆయనకు నియమాలు చూపించి మాట్లాడు, మొహమాటపడకు.

దానికి ఆధారంగా ఈ నెలంతా ఒక డైరీ పెట్టుకో. ఏ కార్యక్రమానికి ఎన్ని గంటలు పట్టిందో రోజూ రాత్రి రాసెయ్. శిక్షణ శిబిరానికి పోయిన గంటలు శిబిరం ఖాతాలో, నాటకోత్సవానివి ఆ ఖాతాలో వెయ్యి. బడ్జెట్ ఖాయం కాకముందే అడుగు. ఏప్రిల్ దాటితే మళ్లీ 'వచ్చే ఏడాది చూద్దాం' అంటారు. జీతంతో పాటు ఉద్యోగినిగా నియామక పత్రం కూడా అడుగు. మీ దగ్గర ఇరవై మందికి పైగా ఉన్నారన్నావు, అలాంటప్పుడు సంస్థకు పీఎఫ్ చట్టం వర్తిస్తుంది. నీ జీతం స్థాయికి అది తప్పనిసరి కాకపోవచ్చు, అయినా అడుగు.

ఆదివారం భోజనానికి రా. ఆ షీటు ప్రింటు తీసి తీసుకురా, పెన్సిల్ నా దగ్గరుంది. నీ వరస పైకి జరిపి రాద్దాం.

మీ అత్తయ్య