పిల్లలకు ఉక్తలేఖనము



యిర్మీయా ప్రవక్త చెప్పగా బారూకు వ్రాసెను. పౌలు చెప్పగా తెర్తియు రోమా పత్రిక వ్రాసెను. విని వ్రాయుట విశ్వాసులకు క్రొత్త కాదు.

బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో మన పిల్లలు అనేకులు ఇంట తెలుగు మాట్లాడి, బడిలో కన్నడము చదువుదురు. చెవికి తెలుగు తెలియును, చేతికి తెలియదు. అందుచేత తెలుగు బైబిలు ఒడిలో ఉన్నను చదువలేరు. ఏత్వమునే చూడండి. కన్నడములో దీర్ఘపు గుర్తు అక్షరము ప్రక్కన వచ్చును, తెలుగులో పైననే వచ్చును. "మేక" వ్రాయమంటే పిల్లలు ఇక్కడనే తడబడుదురు.

కనుక విడిమాటలు కాక చిన్న వాక్యము చెప్పండి: "మేక చేలో మేసింది." ఇందులో ఏత్వము 3 సార్లు వచ్చును. మొదట వాక్యమంతా చదవండి, తరువాత ఒక్కొక్క మాట, చివర మరల అంతా. పూటకు 3 వాక్యములు చాలు. పిమ్మట సరియైన వాక్యము చూపి, తప్పును బిడ్డనే కనుగొననివ్వండి.

ఉపాధ్యాయ శిక్షణ పొందియు మేము మొదట తప్పులు లెక్కించి ఎర్ర సిరాతో కొట్టితిమి. పిల్లలు పుస్తకములు దాచుకొనిరి. తామే దిద్దుకొనుట నేర్పిన తరువాతనే ధైర్యముగా వ్రాసిరి.

ఈ ఆదివారము సండేస్కూలు ముగిసిన పిమ్మట 10 నిమిషములు ఇందుకు కేటాయించండి. మన బిడ్డలు దేవుని వాక్యమును తామే చదువుకొందురు గాక. ఆమేన్.